బటర్ పేపర్ చప్పుడు

మా మరదలు కొలవకుండా ఏ పనీ చేయదు. వృత్తికి టైలరు. మెడలో టేపు లేకుండా ఆమెను చూస్తే ఎవరో పరాయి మనిషిలా అనిపిస్తుంది. ఇంటి ముందుగదే దుకాణం. వీధివైపు కిటికీ కింద మిషను, గోడ పొడవునా కత్తిరింపు బల్ల, బల్ల మీద ఒక మూల పాతకాలపు ఇనప ఇస్త్రీపెట్టె. కరెంటుది కొన్నాక దాన్ని వేడి చేసింది లేదు. పారేయడానికి మనసొప్పక, బట్ట కదలకుండా బరువుకి పెట్టుకునేది. ముందుగదికీ వెనకగదికీ మధ్య తలుపు లేదు, ఒక తెర ఉంది. ఆ తెర వెనక మంచం మీద మా తమ్ముడు ఉండేవాడు.

నేను వాడికి అక్కని. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నా నోటికి జడిసి ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు కూడా లోపలికి జరిగేవాళ్లు. వాళ్లింటికి రెండు వీధుల అవతలే నా ఇల్లు. రోజూ ఒకసారి అక్కడ టీ తాగకపోతే నాకు పొద్దు గడవదు. అందుకని ఇప్పుడు చెప్పేదాంట్లో విన్నది తక్కువ, కళ్లారా చూసింది ఎక్కువ.

మా తమ్ముడు లిఫ్టుల మెకానిక్కు. ఊళ్లో సగం మేడలకి వాడే దిక్కు. లోపల ఇరుక్కున్నవాళ్లు దేవుణ్ణి తలుచుకునేముందు వాడికి ఫోను చేసేవాళ్లు. చిన్నా పెద్దా అందరికీ 'లిఫ్టు బాబాయ్'. అలాంటి వాడికి కడుపులో గడ్డ లేచింది. ఒక ఆపరేషను అయింది. ఇంకొకటి చేస్తేనే మనిషి దక్కుతాడన్నాడు పెద్ద డాక్టరు. "కానీ ఒంట్లో ప్రోటీను బాగా పడిపోయింది. ఇప్పుడు కోస్తే కుట్లు అతకవు. ముందు అది పెరగాలి. ఏం పెడతారో పెట్టండి, బాగా తినిపించండి" అన్నాడు.

కుట్లు అతకవు అన్న మాట టైలరుకి విడమరిచి చెప్పాలా? మా మరదలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆస్పత్రి కింద మందుల షాపులో ప్రోటీను బార్లు అమ్ముతారు, మెరుపు కాగితాల్లో. ఒకటి కొని, వెనక చీమ తలకాయల్లాంటి అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివింది. "ఇందులో సగం పంచదారే వదినా! దీనికోసం షాపువాడి కాళ్లు పట్టుకోవాలా? నేనే చేస్తాను" అంది. మా తమ్ముడు మంచం మీంచి, "బారు అంటే నేనింకేదో అనుకున్నానే. రోగిష్టి మనిషికి ఆశ పెట్టకు" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆపరేషను అయిన తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి వంటింట్లో పని మొదలైంది. వేరుశెనగ గుళ్లు సన్నసెగ మీద ఓపిగ్గా వేయించి, పొట్టు ఊదేసి, సగం పొడి కొట్టి సగం పలుకుగా ఉంచేది. పుట్నాలు మెత్తటి పిండి. నువ్వులు విడిగా, గుమ్మడి గింజలు విడిగా దోరగా వేయించేది. వాటిలో పాలపొడి, మందుల షాపులో డబ్బాలో దొరికే ప్రోటీను పొడి. గింజలు తీసిన ఖర్జూరాలు ఆవిరి మీద మెత్తబరిచి, కాస్త తేనె వేసి, అంతా కలిపి ముద్ద చేసేది. పళ్లెంలో బటర్ పేపరు పరిచి ముద్దని సర్ది, పైన ఇంకో కాగితం కప్పేది. ఇంక అప్పుడు ఇస్త్రీపెట్టె. ఆ చల్లటి ఇనప పెట్టెని కాగితం మీద పెట్టి, రెండు చేతులా బరువంతా వేసి నొక్కేది. గట్టిపడ్డాక టైలరు స్కేలు ఆనించి కోసేది. ఒక్కో ముక్కనీ బటర్ పేపర్లో చుట్టి, చివర్లు ప్యాంటు కాలి అంచు మడిచినట్టు రెండు మడతలు మడిచి గోటితో గీసేది. ఏ ముక్క చూసినా ఒకటే కొలత.

మెత్తగా ఉన్నదాని మీద తనకి నమ్మకం లేదు. వదులు కుట్టు ఎప్పుడో ఒకప్పుడు విడిపోయి తీరుతుందని ఆమె అనుభవం. ముక్క ఎంత బిగిస్తే అంత బలం అందులో పట్టినట్టని ఆమె లెక్క. రక్తపరీక్షలో ప్రోటీను పెరగలేదని వచ్చిన ప్రతిసారీ పొడి ఇంకాస్త ఎక్కువ వేసేది, ఖర్జూరం తగ్గించేది, ఇస్త్రీపెట్టె మీద ఒరిగిపోయి మరీ నొక్కేది.

ఒకసారి నేను ఒకటి కొరకబోయి, "ఇదేంటమ్మాయ్, దీంతో గోడ కట్టొచ్చు" అన్నాను. మంచం మీద వాడు వెంటనే అందుకున్నాడు. "నీ కట్టుడు పళ్ల సంగతి చూసుకో అక్కా. ఆడలేక మద్దెల ఓడు అందిట. నాకు బ్రహ్మాండంగా ఉన్నాయి." మా మరదలు చేతిలో బట్ట కింద పెట్టి మరీ నవ్వింది. తినేవాడికి లేని బాధ మనకెందుకని నేను ఊరుకున్నాను.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇచ్చేసి వచ్చి మిషను ముందు కూర్చునేది. కానీ వెంటనే తొక్కేది కాదు. పాదం పెడలు మీద పెట్టుకుని చెవులు రిక్కించేది. తెర వెనక బటర్ పేపరు కరకరమని చప్పుడయ్యేది. అది వినపడ్డాకే మిషను కదిలేది.

"తిన్నారా?"

"తిన్నానే."

"ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది? నువ్వు చేశాక ఇంక చెప్పేదేముంది?"

మధ్యలో వాడికి నోరు పూసింది. మందుల వేడి అన్నారు. కాస్త తేనె రాసింది. రెండు రోజులయ్యాక "తగ్గిపోయింది" అన్నాడు. తనూ తగ్గిపోయిందనే అనుకుంది. జావ, పాలు ఎలాగూ తాగుతున్నాడు.

ఆ రోజుల్లోనే వాడికి రిపేర్ల పిచ్చి పట్టుకుంది. తలగడ పక్కన ఎప్పుడూ స్క్రూడ్రైవరు. గోడ పట్టుకుని మెల్లగా లేచి ఒకరోజు స్విచ్చుబోర్డు విప్పేవాడు, ఇంకోరోజు స్టెబిలైజరు. గోడ గడియారం, కాలింగ్ బెల్లు, మూలన పడేసిన రేడియో, అన్నీ విప్పి బిగించాడు. "బాగానే ఉన్నవాటిని ఎందుకురా కెలుకుతావు?" అని నేను కసురుకుంటే, మరదలు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "ఊరుకోండి వదినా, ఓపిక వస్తోంది కాబట్టే కదా" అని గుసగుసగా మురిసిపోయేది. బార్లు పనిచేస్తున్నాయని ఆమె నమ్మకం. నేనూ నమ్మాను.

ప్రోటీను పెరగలేదు. ఆపరేషను ఈ వారం కాదన్నారు, వచ్చే వారం కాదన్నారు. ఒకరోజు తెల్లవారి చూస్తే వాడు లేడు. నా చేతుల్లో పెరిగిన పిల్లాడు, నాకంటే ముందే పోయాడు. కాగితాలు తెచ్చుకోవడానికి ఆస్పత్రికి వెళ్తే, డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ప్రోటీను కాస్త పెరిగుంటే చేసేవాళ్లమమ్మా" అన్నాడు. ఆ మాట మింగేసి ఉంటే వాడి సొమ్మేం పోయేదో!

మా మరదలు మళ్లీ మిషను ఎక్కింది. బతుకు కదా, ఎక్కక తప్పుతుందా? పళ్లెం, ప్రోటీను డబ్బా అటక మీదకి వెళ్లిపోయాయి. అలా ఎండాకాలం గడిచింది.

మొదటి వానలకి చీమలు లేచాయి. చీమలు ఎవరింట్లో ఉండవు? కానీ ఈ చీమలు వంటింటి వైపు పోవడం లేదు. వెనకగది గోడ మీదుగా పాకి, స్విచ్చుబోర్డు సందులోకి దూరి, తెల్లటి పొడి నోట కరుచుకుని బయటికి వస్తున్నాయి. తను కరెంటు మెయిను ఆపి, వాడి స్క్రూడ్రైవరే తీసుకుని బోర్డు విప్పింది. వైర్ల వెనక, గోడలోని పెట్టెలో, బటర్ పేపర్లో చుట్టిన బారు ఉంది.

ఫోనులో "ఒకసారి రండి వదినా" అని ఒక్క మాటే అంది. వెళ్లాను. కత్తిరింపు బల్ల మీద ఆ ముక్క, దాని చుట్టూ చీమలు. "పొరపాటున పడిపోయిందేమోలే" అన్నాను.

"స్క్రూలు బిగించుకుని మరీ పడిపోయిందా వదినా?"

ఆ తర్వాత ఆగలేదు. వాడు ఏవేవి బాగుచేశాడో గుర్తు తెచ్చుకుని ఒక్కోటీ విప్పింది. స్టెబిలైజరులో ఉన్నాయి. రేడియోలో బ్యాటరీలు ఉండాల్సిన చోట ఉంది. గడియారం వెనక ఉంది. కాలింగ్ బెల్లు డబ్బాలో ఉంది. విప్పుతున్నకొద్దీ ఇల్లు వాటిని తిరిగి ఇస్తూనే ఉంది. దొరికినదాన్ని దొరికినట్టు, తల పక్కకి తిప్పుకుని, ఒక స్టీలు డబ్బాలో పడేసి మూత పెట్టేది. ఒక్కటీ విప్పి చూడలేదు.

"తినలేదు వదినా" అంది ఆ సాయంత్రం, నేలమీద కూలబడి. "ఒక్కటీ తినలేదు. తింటే ప్రోటీను పెరిగేది, ఆపరేషను అయ్యేది. తెలిసి తెలిసి తినలేదు. నా దగ్గర ఉండాలని లేదు ఆయనకి. పోదామనుకున్నారు. రోజుకి రెండుసార్లు నా ముఖం చూసి తిన్నానని చెప్పి, లోపల పోవడానికి తయారవుతున్నారు."

"నోర్ముయ్. వాడలాంటివాడు కాదు."

"అయితే చెప్పండి, ఎందుకు దాచారు? నాకు ఇంకేం వద్దు వదినా. బతకాలని ఉందా ఆయనకి, లేదా? అదొక్కటి తెలిస్తే చాలు."

పోయినవాణ్ణి ఎవరు అడిగొస్తారు? మా వాడు నవ్వుతూ చావుకి సిద్ధపడ్డాడా అని నాకూ లోపల పురుగు తొలవడం మొదలైంది. ఆ మాట పైకి అంటే ఇద్దరం మునిగిపోతామని పెదవి విప్పలేదు.

తను తిండి మానేసింది. మానేశానని చెప్పదు, కంచం ముందు కూర్చుని లేస్తుంది. అలవాటున్న వాళ్లంతా బట్టలు తెచ్చి పడేసి పోతున్నారు, కుట్లు పడటం లేదు. మిషను ముందు కూర్చుంటుంది. పాదం పెడలు మీద ఉంటుంది. తొక్కదు.

"ఏం చేస్తున్నావే?"

"వినపడటం లేదా వదినా? కాగితం విప్పుతున్నారు."

నాకేం వినపడలేదు. వీధిలో కూరగాయల బండి వాడి అరుపు తప్ప ఏమీ లేదు.

రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి వీధి మొదట్లోకే వేరుశెనగ గుళ్లు వేగుతున్న వాసన వచ్చింది. అటక మీది పళ్లెం దిగింది. ఇస్త్రీపెట్టె మీద ఒరిగిపోయి, పళ్లు బిగించి నొక్కుతోంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి, ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. కోసింది, చుట్టింది, అంచులు మడిచింది. ఒకటి తీసుకెళ్లి తెర వెనక ఖాళీ మంచం మీద, తలగడ పక్కన పెట్టింది.

"అప్పుడు తినలేదుగా" అంది. "ఇప్పుడు తినమనండి."

"నీకు మతి పోయిందా? వాడెక్కడున్నాడే తినడానికి?" అని అరిచాను. నా కేకకి పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు. తను మాత్రం నా వైపు చూడలేదు. సాయంత్రం ఇంకొకటి పెట్టింది. మర్నాడు పొద్దున ఇంకొకటి. ఇలా వదిలేస్తే ఇదీ దక్కదని, నా బట్టలు రెండు సంచిలో కుక్కుకుని అక్కడే మకాం పెట్టాను.

ఒక మధ్యాహ్నం. మంచి ఎండ. తను వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నేను ముందుగదిలో కాజాలు కుడుతున్నాను, ఊరికే కూర్చోలేక. కుళాయి ఆగింది. అప్పుడు విన్నాను. తెర వెనక, మెల్లగా, కరకరమని. ఆగింది. మళ్లీ వచ్చింది. కాగితం మడత విప్పి, మళ్లీ మడిచినట్టు.

ఎలకేమో అనుకున్నాను. లేచి తెర తీశాను. ఫ్యాను తిరగడం లేదు. కిటికీ మూసి ఉంది. మంచం మీద బారు పెట్టింది పెట్టినట్టే ఉంది. దుప్పటి మీద చిన్న ముడత కూడా లేదు. వెనక్కి తిరిగితే తను వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, తడి చేతులతో. "మీరూ విన్నారు" అంది.

భయం వేస్తే నాకు కోపం వస్తుంది. అది నా పుట్టుబుద్ధి. "ఈ దరిద్రమంతా వీటివల్లే" అంటూ బల్ల కింది స్టీలు డబ్బా అందుకున్నాను. వీధి చివర చెత్తకుండీలో పారేస్తే శని వదులుతుందనుకున్నాను. తను పరుగున వచ్చి డబ్బా పట్టుకుంది. "వద్దు వదినా, ముట్టుకోకండి!" నేను లాగాను, తను లాగింది. మూత ఊడింది. బార్లు నేలమీద చెల్లాచెదురయ్యాయి. రాళ్లు పడ్డట్టే చప్పుడయింది. చీమలు తిన్నవి పొడి పొడి అయ్యాయి. మిగిలినవి గట్టిగానే ఉన్నాయి.

ఏరుదామని వంగింది. ఒకటి చేతిలోకి తీసుకుంది. తీసుకున్నది అలాగే ఆగిపోయింది.

"ఇది నా మడత కాదు."

"ఏమిటి?"

"నేను అంచు రెండు మడతలు వేస్తాను వదినా. ఇది ఒక్కటే. మూలలు వేలితో లోపలికి తోసేశారు." ఇంకొకటి తీసింది. ఇంకొకటి. "ఇదీ నాది కాదు. ఇదీ కాదు. అన్నీ విప్పారు. విప్పి మళ్లీ చుట్టారు."

ఇన్నాళ్లూ తల తిప్పుకుని డబ్బాలో పడేసింది కదా, మడత వైపు చూసిందెక్కడ? కిటికీ దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్లింది. గోళ్లతో కాగితం విప్పింది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

ముక్క చివర పళ్ల గాట్లు ఉన్నాయి. ఊడి వచ్చిన ముక్క లేదు, గాట్లే. పైన ఒక వరస, కింద ఒక వరస. పక్కన మళ్లీ ఒక వరస, కాస్త లోతుగా. పక్క దవడతో ప్రయత్నించినట్టు మూల మీద ఇంకొన్ని. ఆ మూల నోట్లో నానబెట్టుకున్నట్టు నున్నగా అరిగి ఉంది. కాగితం లోపలి వైపు ఎండిపోయిన మరక, గోధుమరంగుది. అది ఖర్జూరం మరక కాదు. నెత్తురు.

రెండోది విప్పింది. గాట్లు, మరక. మూడోది. అదే. చీమలు ముట్టని వాటిలో వాడి పళ్లు పడనిది ఒక్కటీ లేదు.

"కొరకాలని చూశారు" అంది. "వదినా, చూశారా? ప్రతిదీ! ప్రతిదాన్నీ తినాలని చూశారు!" ఆమె ముఖం వెలిగిపోయింది. నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "బతకాలనే ఉంది ఆయనకి!"

"ఉండదా మరి? పోదామనుకున్నవాడు నోట నెత్తురొచ్చేదాకా కొరుకుతాడా? పిచ్చిదానా, నిన్నొదిలి పోవాలని వాడికి ఏ రోజూ లేదు" అన్నాను. నాకూ కళ్ల నీళ్లు ఆగలేదు. ఎన్నాళ్ల నుంచో గుండెల మీద ఉన్న బండ దిగినట్టయింది. మా వాడు మాకు ద్రోహం చేయలేదు.

ఆ సంతోషం ఎంతసేపని? తన చేతులు నా భుజాల మీంచి జారాయి. కళ్లు నేలమీది ముక్కల మీంచి బల్ల మీదకి వెళ్లాయి. పొద్దున నొక్కిన పళ్లెం, దాని మీద ఇస్త్రీపెట్టె ఇంకా అలాగే ఉన్నాయి. తనకేం తోచిందో నాకు అర్థమైంది. గబగబా మాట్లాడాను. "వాడి నోరంతా పూసిపోయిందమ్మా. నీళ్లు దిగడమే గగనం. నువ్వేం పెట్టినా అంతే అయ్యేది. డాక్టర్లే ఏం చేయలేకపోయారు, నువ్వెంత నేనెంత..."

వినలేదు. తెర వైపు తిరిగి అరిచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా నేనెన్నడూ వినలేదు.

"గట్టిగా ఉందని చెప్పడానికేం మాయరోగమొచ్చింది మీకు? లోకంలో అందరితో వాగుతారే, నాతో ఒక్క మాట అనలేకపోయారా? నోటిపూత తగ్గలేదంటే ఏడుస్తాననా? ఏడిస్తే ఏడ్చేదాన్ని! ఏడ్చి, మెత్తగా చేసి పెట్టేదాన్ని! మొండి మనిషి! దొంగ మనిషి! స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నారా?"

తెర కదల్లేదు. పక్కింటివాళ్ల కిటికీ ఈసారి మూసుకుంది.

అరిచి అరిచి అలిసిపోయాక లేచి వంటింట్లోకి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను, ఏం చేసుకుంటుందోనని. పాలు కాచింది. నిన్న చేసినవాటిలో ఒకటి తీసి, కాగితం విప్పి, గిన్నెలో వేసి, పైన పాలు పోసింది. ఇద్దరం ఆ గిన్నెకి చెరో పక్కన నేలమీద కూర్చున్నాం. ముందు అంచులు ఉబ్బాయి. తర్వాత నువ్వులు ఒక్కొక్కటే తేలాయి. గిన్నె ఇంకా వేడిగా ఉండగానే చెంచా ఆనించింది. ముక్క పసిపిల్లలకి పెట్టే జావలా విడిపోయింది.

"ఇంతేనా వదినా?" అంది.

నేను చెంచా అందుకుని, ఒక ముద్ద తీసి, తన నోటి దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు. గిన్నె వంకే చూస్తోంది. "తిను తల్లీ" అన్నాను. తల ఎత్తి, చిన్నపిల్ల అడిగినట్టు, మళ్లీ అదే అడిగింది.

"ఇంతే పనా?"